కనెక్షన్ దొరకలేదట!

మా చెల్లెలికి గర్భసంచి ఆపరేషనయి ఆరోజుకి నాలుగు రోజులు. ఆస్పత్రి నుంచి సరాసరి మా ఇంటికే తీసుకొచ్చాం. దాని కూతురు అమ్మలు హైదరాబాదు నుంచి చిన్న పెట్టె, లాప్‌టాప్ చేత పట్టుకుని వచ్చి పడింది. పగలంతా తల్లికి జావ కాచివ్వడం, మందులివ్వడం, చూడవచ్చినవాళ్లకి కాఫీలు. రాత్రిళ్లు ఆఫీసు పని. కరోనా రోజుల్లో ఇంటినుంచే చెయ్యమన్నారుట, ఆ తరవాత కూడా అలాగే కొనసాగించారు. ఆ వారం సెలవడిగితే మాత్రం కుదరదన్నారు. “ఇంటినుంచి చేసే పనేగా పెద్దమ్మా, వచ్చేశాను” అంది. ఏ ఇంటినుంచో ఆఫీసువాళ్లకి చెప్పలేదని అప్పుడు నాకూ చెప్పలేదు.

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. పాలు తోడుపెట్టి వంటింట్లో దీపం ఆర్పి వస్తూంటే, భోజనాలబల్ల దగ్గర అమ్మలు తలపట్టుకుని కూచునుంది. ఏమిటే అని అడిగితే మాట్లాడకుండా తెర నావైపు తిప్పింది. నాలుగు ఇంగ్లీషు వాక్యాలు. బి.ఏ. చదివినదాన్ని గనుక ఇంగ్లీషు అర్థమైంది, సంగతే అర్థం కాలేదు. సర్వరు కనబడలేదట, లేదా అందుబాటులో లేదట. పేరు సరిగ్గా రాశారో లేదో చూసుకోమని సలహా కూడానూ!

“కనబడలేదో, అందుబాటులో లేదో, రెంటిలో ఏదో ఒకటి తేల్చి చెప్పచ్చుగా?” అన్నాను.

“దానికే తెలీదు పెద్దమ్మా” అంది ఏడుపు గొంతుతో.

అమ్మలు పనిచేసే కంపెనీకి ఊరూరా దుకాణాలున్నాయి. ఏ ఊళ్లో ఏ సరుకు ఎంత అమ్మిందో ఆ లెక్కలన్నీ క్లౌడులో ఒక డేటాబేసులో ఉంటాయి. అమ్మలు దగ్గరున్న రిపోర్టు సాఫ్ట్‌వేరు ఆ లెక్కల్ని తెచ్చి, బొమ్మలు గీసి, పట్టికలు కట్టి పెడుతుంది. సోమవారం పొద్దున్న తొమ్మిదికల్లా అది పెద్దవాళ్ల బల్ల మీద ఉండాలి. లెక్కలు అక్కడ భద్రంగా ఉన్నాయి, సాఫ్ట్‌వేరు ఇక్కడ భద్రంగా ఉంది, మధ్యలో దారే లేదు.

ఆ రాత్రి దాని పక్కన కూచుని విన్నవీ, తరవాత కుతూహలం కొద్దీ చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ చెబుతున్నాను. ఈ ఎర్రర్ల వెనక ఇన్ని కథలూ, ఇందరు మనుషులూ ఉన్నారని నేను కలలో కూడా అనుకోలేదు. అందులోనూ ఆడవాళ్లు!

మొదట ఈ డేటాబేసన్నదే చూడండి. 1970లో ఎడ్గార్ కాడ్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపి, తరవాత అమెరికాలో ఐబీఎం కంపెనీలో చేరిన గణితం మనిషి. అప్పటిదాకా కంప్యూటర్లో దాచినది బయటికి తియ్యాలంటే, అది ఏ మూల, ఏ అరలో, దేని వెనక ఉందో ఎరిగినవాళ్లకే సాధ్యమయ్యేది. నాకు మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. ఇంగువ డబ్బా ఎక్కడుందో ఆవిడకి తప్ప నరమానవుడికి తెలిసేది కాదు. ఆవిడ ఊరెళితే ఇంట్లో చారుకి ఇంగువ ఉండేది కాదు. కాడ్ అన్నదేమిటంటే, అడిగేవాళ్లకి ఏం కావాలో తెలిస్తే చాలు, అదెక్కడుందో తెలియనక్కర్లేదు, అన్నిటినీ వరసలూ నిలువులూ ఉన్న పట్టికలుగా చూపిస్తే సరిపోతుంది అని. అప్పటికే ఇంకో పద్ధతి డేటాబేసు అమ్ముకుంటున్న ఐబీఎంకి ఆ మాట అంత రుచించలేదు. వాళ్లు తాత్సారం చేస్తూండగా 1979లో మరో చిన్న కంపెనీ ఆ పద్ధతి డేటాబేసుని బజారులో పెట్టేసింది. ఆ కంపెనీయే తరవాత ఒరాకిల్ అయింది.

ఐబీఎంలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు కుర్రవాళ్లు 1974లో ఆ పట్టికల్ని అడిగేందుకు ఇంగ్లీషులాంటి ఒక భాష తయారుచేశారు. ప్రోగ్రాములు రాయడం రాని మామూలు మనుషులు కూడా అడగ్గలగాలని వాళ్ల కోరిక. అంటే నాబోటి వాళ్లన్నమాట! దానికి సీక్వెల్ అని పేరు పెడితే, ఆ పేరు మాదని ఒక బ్రిటిషు విమానాల కంపెనీ అంది. సరే పొమ్మని అచ్చులు తీసేసి ఎస్‌క్యూఎల్ అని మిగిల్చారు. బాయిస్ పాపం ఆ ఏడే మెదడులో రక్తనాళం చిట్లి పోయాడు. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఇవాళ ప్రపంచంలో బ్యాంకులూ, రైళ్లూ, ఆస్పత్రులూ అన్నీ ఆయన కూర్చిన మాటలతోనే నడుస్తున్నాయి. ఆ బృందంలోనే పట్రీషియా సెలింజర్ అనే ఆవిడ, అడిగిన ప్రశ్నకి ఏ దారిన పోతే తక్కువ శ్రమతో జవాబు దొరుకుతుందో యంత్రమే లెక్కేసుకునే ఉపాయం కనిపెట్టి 1979లో ప్రకటించింది. పది పనులు ఏ వరసలో చేసుకుంటే పొద్దున్న ఎనిమిదికి కారియర్లు సిద్ధమవుతాయో రోజూ లెక్కేసుకునే మనకి ఇది ఆడమనిషికి తట్టడంలో వింతేమీ కనబడదు.

భాష ఒకటే అయినా యాసలు బయల్దేరాయి. ఒక్కో కంపెనీ డేటాబేసుది ఒక్కో తీరు. రిపోర్టులు చేసే సాఫ్ట్‌వేరు ప్రతిదానితోనూ దాని యాసలో విడివిడిగా మాట్లాడాల్సి వచ్చేది. మచిలీపట్నంలోనూ చెన్నపట్నంలోనూ ఇంగ్లీషు దొరలు దుబాసీల్ని పెట్టుకోలేదూ, ఆ ఏర్పాటే ఇక్కడా చేశారు. 1989లో కొన్ని కంపెనీలు ఒక సంఘంగా కూడి ఒక ఒప్పందానికి పూనుకున్నాయి. 1992లో మైక్రోసాఫ్టు ఓడీబీసీ అని దాన్ని ఆచరణలో పెట్టింది. ఏ డేటాబేసుకి ఆ డేటాబేసు వాళ్లు ఒక దుబాసీని తయారుచేసి ఇస్తారు, దాన్ని డ్రైవరంటారు. రిపోర్టు సాఫ్ట్‌వేరు దుబాసీతో మాట్లాడితే చాలు. అయితే దుబాసీ లేకపోయినా, ముసలివాడైపోయినా, సాఫ్ట్‌వేరుది అరవైనాలుగు బిట్ల కాపరమై దుబాసీది ముప్ఫైరెండు బిట్ల కాపరమైనా, మాట సాగదు. అమ్మలు ముందు ఆ అనుమానం తీర్చుకుంది. దుబాసీ ఇంట్లోనే ఉన్నాడు, కులాసాగానే ఉన్నాడు.

“పేరు చూసుకోమంటోందిగా, చూశావా?” అన్నాను. చూసిందట. ఒక్కక్షరం తేడా లేదట. కంప్యూటర్లకి పేర్లు మనకోసం. వాటికి కావలసింది అంకెలు. పేరు చెబితే ఆ అంకె ఏమిటో వెతికి చెప్పేవాళ్లొకరుండాలి. ఇప్పుడు ఆ పని రెప్పపాటులో అయిపోతోంది గానీ, ఒకప్పుడు ప్రపంచం మొత్తానికి ఆ పని చేసినది ఒక ఆఫీసు, దాన్ని నడిపినది ఒక మహిళ.

ఆవిడ పేరు ఎలిజబెత్ ఫైన్లర్. అందరూ జేక్ అని పిలిచేవారు. చదివింది రసాయనశాస్త్రం. కాలిఫోర్నియాలో ఒక పరిశోధన సంస్థలో సమాచారం వెతికిపెట్టే పనిలో ఉండేది. ఈనాటి ఇంటర్నెట్టుకి తల్లివేరైన ఆర్పానెట్టుని 1972లో నలుగురికీ మొదటిసారి చూపించబోతున్నారు. దాంట్లో ఏయే కంప్యూటర్లున్నాయి, ఎవరి దగ్గర ఏముంది అన్నది ఒక పుస్తకంగా కూర్చమని ఆవిడకి అప్పగించారు. అలా మొదలైన పని 1989 దాకా సాగింది. ఆర్పానెట్టులో ఉన్న ప్రతి కంప్యూటరు పేరూ, దాని అంకే ఒక జాబితాగా రాసి ఉంచేది వాళ్ల ఆఫీసే. కొత్త కంప్యూటరు పెడితే వాళ్లకి ఉత్తరమో ఫోనో చెయ్యాలి, అదీ ఆఫీసు వేళల్లో! వాళ్లు జాబితాలో చేర్చేవారు. దేశంలో ఉన్న మిగతా కంప్యూటర్లన్నీ ఆ జాబితాకి నకలు తెచ్చుకునేవి. మా ఊళ్లో పూర్వం టెలిఫోను ఎక్స్ఛేంజీలో కూచున్న అమ్మాయికి ఊరందరి నంబర్లూ కంఠతా వచ్చేవని చెప్పుకునేవారు. ఈవిడ అలాంటి ఎక్స్ఛేంజీని దేశం మొత్తానికి నడిపిందన్నమాట.

జాబితా పెరిగి పెరిగి మోయలేనిదైంది. రోజూ కొత్త పేర్లు, రోజూ మార్పులు, నకళ్లు పాతబడిపోవడం. చివరికి 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఒకే జాబితా ఒకచోట ఉంచకుండా, పేర్లని పేటలవారీగా పంచి, ఎవరి పేట పేర్లకి వాళ్లే జవాబు చెప్పుకునే పద్ధతి తయారుచేశాడు. దాన్నే డీఎన్ఎస్ అంటారు. ఆ పేటలకి డాట్ కామ్, డాట్ ఎడ్యు, డాట్ గవ్ అంటూ పెట్టిన పేర్ల వెనక ఉన్నది ఫైన్లరూ ఆవిడ బృందమూనే. రోజుకి ఎన్నిసార్లు డాట్ కామ్ అని కొడుతున్నాం చెప్పండి! ఆవిడ పేరు ఎప్పుడైనా విన్నామా? చెప్పొద్దూ, నేను వినలేదు.

అమ్మలు ఏదో చిన్న ఆజ్ఞ కొడితే ఆ పేరుకి అంకె వచ్చింది. అంటే పేరు తప్పు కాదు. జేక్ గారి పేట దాటాం.

తరవాత పింగ్ అని ఇంకోటి కొట్టింది. ఇదీ 1983దే. మైక్ మ్యూస్ అనే ఆయన అమెరికా సైన్యంవారి ప్రయోగశాలలో పనిచేస్తూ, నెట్‌వర్కు ఏదో వింతగా ప్రవర్తిస్తోంటే ఎక్కడ తెగిందో చూద్దామని ఒక్క పూటలో రాసిపారేసిన ప్రోగ్రాము. సముద్రంలో జలాంతర్గాములు శబ్దం పంపించి, అది దేనికో తగిలి తిరిగొచ్చే టింగుమన్న చప్పుడుని బట్టి అవతల ఏముందో పోల్చుకుంటాయే, ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. అమ్మలు పంపిన పింగుకి జవాబు రాలేదు. అయితే రానంత మాత్రాన ఏమీ తేలదుట. ఇప్పటి సర్వర్లు చాలావాటికి, ఎవరు పిలిచినా పలక్కండి అని ముందే చెప్పి ఉంచుతారుట. బాగుంది!

పేరు సరే, పిలుపు సంగతి తేలదు. మరి ఏం చేస్తున్నట్టు ఇంతసేపు? గుండ్రంగా తిరిగే గుర్తు తిరుగుతూంది, తిరుగుతూంది, సుమారు పదిహేను సెకన్లకి మళ్లీ ఆ నాలుగు వాక్యాలూ. ఈ డేటాబేసు తలుపు తట్టిన వాళ్లు మామూలుగా పదిహేను సెకన్లు ఆగి వెనక్కి తిరిగిపోతారుట. పదిహేను సెకన్లంటే మనకి తాలింపులో ఆవాలు చిటపటలాడే పాటి సమయం. వెలుగుకి అది యుగం. ఈ పోలికని చేత్తో పట్టుకునేట్టు చూపించినావిడ గ్రేస్ హాపర్. అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ దాకా ఎదిగిన గణితం ప్రొఫెసరు. మామూలు మాటలతో కంప్యూటరుకి పని చెప్పవచ్చునని నమ్మి, నమ్మనివాళ్లతో పోట్లాడి, చేసి చూపించింది. ఉపగ్రహం ద్వారా పంపిన కబురు చేరడానికి అంతసేపెందుకు పడుతుందని పెద్ద పెద్ద అధికారులు అడిగితే, ఆవిడ సంచీలోంచి అడుగుకి కాస్త తక్కువ, 11.8 అంగుళాల తీగముక్క తీసి వాళ్ల చేతిలో పెట్టేదట. సెకనులో వందకోట్లో వంతు సమయంలో వెలుగు పోగలిగింది అంత దూరమే, ఇక్కణ్ణుంచి ఉపగ్రహానికి అలాంటి ముక్కలు ఎన్ని పడతాయో లెక్కపెట్టుకోండి అనేది. ఉపన్యాసానికి వెళితే కట్టలు కట్టలు పంచేది. ఆ లెక్కన పదిహేను సెకన్లలో వెలుగు చంద్రుడి దాకా అయిదుసార్లు వెళ్లి రావచ్చు. అంతసేపు తట్టినా పలకలేదంటే అది దూరాభారం కాదు, ఇంకేదో ఉంది.

అన్నట్టు, కంప్యూటర్లో పురుగు అన్న మాట కూడా ఆవిడదేనని చెబుతూంటారు. 1947 సెప్టెంబరులో హార్వర్డులో ఒక యంత్రంలో నిజంగానే ఒక చిమ్మటపురుగు దొరికితే, దాన్ని తీసి రోజువారీ లెక్కల పుస్తకంలో అంటించారు, ఆ పేజీ ఇప్పటికీ ఉంది. నిజమైన పురుగు దొరకడం ఇదే మొదలని కింద చమత్కారంగా రాశారు కూడా. అంటే ఆ మాట అప్పటికే వాడుకలో ఉందనేగా! దాన్ని పట్టుకున్నది కూడా ఆవిడ కాదు. ఆవిడ ఆ కథ రసవత్తరంగా చెప్పేది, అంతే. కథలు చెప్పేవాళ్లకి కథలు అంటుకుంటాయి కాబోలు.

పన్నెండయింది. మా చెల్లెలు లోపల్నుంచి “ఇంకా పడుకోలేదుటే” అని ఒకసారి కేకేసింది. ఇద్దరం ఒక్కగొంతుతో “పడుకుంటున్నాం” అన్నాం. అమ్మలు మళ్లీ నొక్కింది. మళ్లీ. పదోసారో పదకొండోసారో నేనుండబట్టలేక, “నొక్కిందే నొక్కితే ఏమొస్తుందే?” అన్నాను.

“ఒక్కోసారి వస్తుంది పెద్దమ్మా” అంది.

నిజమేనట. అది కనిపెట్టి రాసినాయన పేరు జిమ్ గ్రే. కాడ్ పట్టికల్ని నిజం చేసిన ఆ ఐబీఎం బృందంలో ఆయనా ఒకడు. ఒక ఖాతాలో డబ్బు తీసి ఇంకో ఖాతాలో వేసే మధ్యలో కరెంటు పోతే ఆ డబ్బు ఎవరిది అన్న చిక్కుముడికి పద్ధతిగా సమాధానం చెప్పినవాళ్లలో ఆయన ముఖ్యుడు. మనం ఇవాళ ధీమాగా ఏటీఎం మీట నొక్కుతున్నామంటే ఆయనకి కొంత రుణపడి ఉన్నాం. 1985లో ఆయన కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి అని ఒక నివేదిక రాశాడు. తమ కంపెనీ అమ్మిన యంత్రాలు ఎప్పుడెప్పుడు ఎందుకు ఆగాయో పట్టీ తీసి చూస్తే, యంత్రం చెడి ఆగినవి నూటికి 18. సాఫ్ట్‌వేరు తప్పులు 25. నడిపే మనుషుల చేతిపనులు, అంటే సర్దడం, మార్చడం, మరిచిపోవడం, ఇవి 42!

ఆ నివేదికలోనే తప్పుల్లో రెండు జాతులున్నాయన్నాడు. ఒకటి ఎన్నిసార్లు చేసినా ఒకేచోట తగిలే గట్టి తప్పు. రెండోది ఇలా చూద్దామనేసరికి అలా మాయమైపోయే తప్పు. భౌతికశాస్త్రజ్ఞుల పేర్ల మీద మొదటిదాన్ని బోర్‌బగ్ అనీ, రెండోదాన్ని హైజెన్‌బగ్ అనీ అన్నాడు. డాక్టరు గుమ్మంలోకి రాగానే తగ్గిపోయే పిల్లల కడుపునొప్పి ఉంటుందే, అది హైజెన్‌బగ్. దానికి మందు మళ్లీ ప్రయత్నించడమే. ఇప్పటి క్లౌడు కంపెనీలు కూడా అదే చెబుతున్నాయి. క్లౌడంటే మబ్బూ లేదు గిబ్బూ లేదు, ఎక్కడో ఒక పెద్ద భవంతిలో అద్దెకిచ్చే కంప్యూటర్లు. 2006లో అమెజాన్ అద్దెకివ్వడం మొదలుపెట్టింది, 2010లో మైక్రోసాఫ్టు తన డేటాబేసుని కూడా అద్దెకి పెట్టింది. తరవాతేడు ఆ విభాగం మన హైదరాబాదులో పుట్టిపెరిగిన సత్య నాదెళ్ల చేతికొచ్చింది. అంతమంది అద్దెకున్నచోట అప్పుడప్పుడు యంత్రాలు ఒకదాని పని ఒకదానికి మార్చుకుంటూంటాయి. ఆ క్షణంలో తడితే పలకవు. కొన్ని సెకన్లాగి మళ్లీ తట్టండి, అప్పటికీ పలక్కపోతే ఇంకాస్త ఎక్కువసేపు ఆగి తట్టండి అంటారు.

అమ్మలుది మాయమయ్యే తప్పు కాదు. ఎన్నిసార్లు తట్టినా అదే మౌనం.

“తాళంచెవి తప్పేమో, పాస్‌వర్డూ అదీ...” అని నసిగాను. తల అడ్డంగా ఊపింది. పాస్‌వర్డు తప్పయితే సర్వరు ఆ మాటే చెబుతుందిట. గుమ్మం దాకా వెళ్లినవాడికే కదా తాళంచెవి తప్పని తెలిసేది! అసలు గుమ్మం దాకానే వెళ్లడంలేదు. బెంగుళూరులో ఉన్న స్నేహితురాలిని ఫోను చేసి లేపింది. ఆ పిల్ల నిద్రమత్తులోనే తన లాప్‌టాప్ తెరిచి చూసింది. ఆ పిల్లకి నిక్షేపంలా వస్తోంది. అమ్మలు మా ఇంటి వైఫై ఆపి, ఫోనులో ఇంటర్నెట్టు పెట్టి చూసింది. రాలేదు.

అప్పుడు దాని మొహం మారిపోయింది. నాకు తెలిసింది, దానికి సంగతి అర్థమైందని. కాని సంతోషించలేదు. లేచెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది.

2003 జనవరి 25న, శనివారం, ఒక బుల్లి ప్రోగ్రాము ప్రపంచం మీద పడింది. దానికి స్లామర్ అని పేరు. మొత్తం 376 బైట్లు, అంటే ఓ నాలుగైదు వాక్యాలపాటి. మైక్రోసాఫ్టు డేటాబేసులో ఉన్న ఒక కన్నంలోంచి దూరడం, దూరినచోట నుంచి వందలకి వందలు తనలాంటివాటిని వీధిలోకి విసరడం, అదే దాని పని. పది నిమిషాల్లో దొరకగలిగినవన్నీ దాదాపు దొరికిపోయాయి, సుమారు 75 వేల యంత్రాలు. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్టు స్తంభించిపోయింది. అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఏటీఎంలు వేలకొద్దీ డబ్బివ్వడం మానేశాయి. ఆ కన్నానికి అతుకు ఆరునెలల ముందే, 2002 జూలైలోనే, తయారుచేసి ఇచ్చారు. వేసుకోని వాళ్లు అంతమంది! పైగా అన్ని వేల డేటాబేసులు వీధివైపు తలుపులు బార్లా తెరుచుకుని కూచున్నాయని ఆరోజే లోకానికి తెలిసింది. బీరువాని వీధరుగు మీద పెట్టుకుని కాపరం చెయ్యడమంటే ఇదే.

వీధితలుపుకి కాపలా పెట్టడమన్నది అంతకు ముందే మొదలైంది. 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాము ఒకటి చేతులు దాటిపోయి వేల యంత్రాల్ని మూలపడేసింది. ఆ దెబ్బకి ఫైర్‌వాలనే కాపలావాళ్లకి గిరాకీ వచ్చింది. క్లౌడు నాటికి కాపలా ఎంత కట్టుదిట్టమైందంటే, ఎవరూ చెప్పకపోతే ఎవర్నీ రానివ్వకపోవడమే వాడి మామూలు పద్ధతి. చేతిలో ఒక జాబితా ఉంటుంది. ఏ అంకె ఉన్న ఇంటినుంచి వచ్చినవాళ్లని రానివ్వాలో అందులో రాసుంటుంది. అది లేనివాళ్లకి కొందరు కాపలావాళ్లు కాదు పొమ్మంటారు. కొందరు ఆ మాట కూడా అనరు. అసలు ఎవరూ రానట్టే ఊరుకుంటారు. కాదంటే లోపల ఇల్లుందని దొంగకి తెలుస్తుందిగా! అమ్మలు ఆఫీసు తలుపు దగ్గరున్నది ఈ రెండో రకం. అంచేతే ఆ వెర్రి వాక్యం, కనబడలేదు లేదా అందుబాటులో లేదు అని.

హైదరాబాదులో అమ్మలు ఉండే ఫ్లాటు అంకె ఆ జాబితాలో ఉంది. ఇంటినుంచి పనిచెయ్యమన్నప్పుడే చేర్చారు. మా ఇంటి అంకె లేదు. చేర్చాలంటే జాబితా రాసే ఆయనకి మెయిలు పెట్టాలి, పై అధికారికి నకలు పంపాలి, కొత్త అంకె ఎందుకో కారణం రాయాలి. సెలవు లేదన్నాక ఊరొదిలి వచ్చానని తన చేత్తో తనే రాసివ్వాలి.

“ఈ పూటకి ఆ బెంగుళూరు పిల్లని చేసిపెట్టమంటే?” అన్నాను. తప్పు సలహాయే, తెలుసు. పెద్దదాన్నయి ఉండి అనకూడని మాట. కాని ఆ వేళప్పుడు ఆ మొహం చూస్తే మీరూ అంటారు.

“ఇవాళ చేస్తుంది. రేపో? అమ్మకి కుట్లు విప్పేదాకా కదల్లేను కదా” అంది. ఒంటిగంట దాటాక మెయిలు రాసింది. మూడు వాక్యాలు. మొదటిది నేనెక్కడున్నాను, రెండోది ఎందుకున్నాను, మూడోది ఇక్కడి అంకె. నాకు చదివి వినిపించింది. ఒక్క కామా తప్ప నేనేమీ మార్చలేదు.

జవాబు కోసం చూస్తూ ఇద్దరం నిద్రపోలేదు. అప్పుడే అమ్మలు ఆ జిమ్ గ్రే సంగతి మిగతా సగం చెప్పింది. 2007 జనవరి 28, ఆదివారం. ఆయన తల్లి పోయింది. ఆవిడ అస్థికలు సముద్రంలో కలుపుదామని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తన తెరచాప పడవలో ఒక్కడూ బయల్దేరాడు. ఫారలాన్ దీవులని తీరానికి నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాయి, అక్కడికి. తిరిగి రాలేదు. ప్రమాద సంకేతం ఒక్కటీ అందలేదు. తీరరక్షక దళం విమానాలూ ఓడలూ వేసుకుని నాలుగు రోజులు వెతికి ఆపేసింది. ఆయన స్నేహితులు ఊరుకోలేదు. ఉపగ్రహాలచేత ఆ సముద్రాన్ని ఫోటోలు తీయించి, ముక్కలుగా కోసి ఇంటర్నెట్టులో పెట్టారు. ముక్కూ మొహం ఎరగని వేలమంది తమ తమ ఇళ్లలో కూచుని ఒక్కో ముక్కలో తెల్లటి చుక్క కోసం కళ్లు చిల్లులు పడేలా చూశారు. ఉపగ్రహాల ఫోటోల్ని డేటాబేసులో పెట్టి మామూలు జనానికి అందించడం 1998లో మొదలుపెట్టినవాళ్లలో ఆయనే ఒకడు! ఎక్కడా జాడ లేదు. తరవాత సముద్రం అడుగునా వెతికారు. పడవ చెక్క కూడా దొరకలేదు. అయిదేళ్లు గడిచాక 2012లో చట్టప్రకారం చనిపోయినట్టు లెక్కవేశారు.

చెప్పడం అయిపోయాక అమ్మలు లోపలికెళ్లి వాళ్లమ్మ దుప్పటి సరిచేసి వచ్చింది.

ఆరుంబావుకి జవాబొచ్చింది, జాబితా రాసే ఆయన దగ్గర్నుంచి. చేర్చాను, అయిదు నిమిషాలాగి చూడు అని. అంతే ఉంది అందులో. అయిదు నిమిషాలూ గడియారం ముందు నించున్నాం. అమ్మలు నొక్కింది. గుండ్రటి గుర్తు రెండు చుట్లు తిరిగిందో లేదో లెక్కలు బిలబిలా వచ్చి పడ్డాయి, వాన వెలిశాక చీమల బారులా. ఎనిమిదీ నలభైకి రిపోర్టు వెళ్లిపోయింది. పది గంటలకి పై అధికారి ఫోను చేశాడు. అమ్మలు పెరట్లోకెళ్లి మాట్లాడింది. ఏమన్నాడని అడిగితే “చూద్దామన్నాడు” అంది.

మంగళవారం మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయి గంటకి వచ్చింది. అమ్మలు లాప్‌టాప్ తెరిస్తే మళ్లీ అవే నాలుగు వాక్యాలు! నా గుండె గుభేలుమంది. కరెంటు పోయి వచ్చాక మా ఇంటి వైఫై పెట్టెకి కొత్త అంకె వచ్చిందిట, ఇళ్లకిచ్చే అంకెలు అద్దె అంకెలే, శాశ్వతం కావు. ఈసారి అమ్మలు కంగారుపడలేదు. రెండు నిమిషాల్లో మెయిలు రాసి పడేసి, వంటింట్లోకొచ్చి బీరకాయలు తరగడానికి కూచుంది.

ఆ నెల జీతంలో రెండు రోజులది కోసుకున్నారు. మా చెల్లెలికి ఈ సంగతులేవీ తెలియవు. చూడవచ్చినవాళ్లందరితోనూ, మా అమ్మలు ఆఫీసువాళ్లు ఎంత మంచివాళ్లో, అడగ్గానే పంపించారు అని చెబుతూ ఉంటుంది. అమ్మలు కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్లిపోతుంది.